తొర్రలోంచి పడ్డ చిలుక పిల్ల

ప్రశ్న: గాలివానకు మా పెరట్లో కొబ్బరి మోడు తొర్రలోంచి రామచిలుక పిల్ల కిందపడింది. ఇంకా ఈకలు రాలేదు. పాలు పట్టి పెంచుకోవచ్చా? పంజరం కొనమంటారా?

జవాబు: పంజరం వద్దు, పాలు అసలే వద్దు. పక్షులకు పాలు అరగవు. రామచిలుకను ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. సంతలో అమ్ముతున్నారుగా అంటారేమో, అదీ నేరమే. తొర్ర అందితే పిల్లను అందులోనే పెట్టేయండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి దగ్గరకు రానివ్వదన్నది ఉత్తమాట. అందకపోయినా, గాయమైనా అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ పరిచి, పక్కనే గోరువెచ్చని నీళ్ల సీసాను గుడ్డ చుట్టి పెట్టి, అటవీశాఖకు ఫోన్ చేయండి. ఈలోగా నోట్లో నీళ్లు పోయకండి. నాలుక వెనకే గాలిగొట్టం నోరు ఉంటుంది, చుక్క అటు పోయినా ప్రమాదమే. ఒళ్లు చల్లబడిన పిల్లకు మేత కూడా అరగదు, ముందు వెచ్చబడనివ్వండి.