రోజుకో మంచిపని నిలబడాలంటే

ప్రశ్న: మాది చిలకలూరిపేట దగ్గర పల్లె. పత్తి, మిరప వేస్తాం. రోజూ ఎవరికో ఒకరికి చిన్న సాయమైనా చేయాలనుకుంటాను. వారం తిరక్కుండానే మరిచిపోతున్నాను. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ సంకల్పం చాలా మంచిదమ్మా, వదలకండి. రోజూ కొత్త మంచిపని వెతుక్కోవాలంటే ఎవరికైనా కష్టమే. ఎలాగూ చేసే పనికే సాయాన్ని జతచేయండి. మిరప కోతల్లో కూలీల చేతులు మండిపోతాయి. ఆ ఘాటు ఉత్త నీళ్లకు పోదు, నూనెలో కరుగుతుంది. గట్టు మీద కొబ్బరినూనె, సబ్బు ఉంచండి. ముందు నూనె రుద్దుకుని, ఆపైన సబ్బుతో కడుక్కుంటే మంట తగ్గుతుంది. ఎండాకాలం వాకిట్లో మూతపెట్టిన మంచినీళ్ల కుండ, గ్లాసు పెడితే అదే చలివేంద్రం.

లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) గోదావరి దాటి వచ్చే బాటసారులకు తన ఇంట్లోనే అన్నం పెట్టారు. ఉన్నచోటే సేవ మొదలైంది.

ఒక రోజు తప్పితే బాధపడకండి. మనస్తత్వ శాస్త్రవేత్త సోంజా లూబొమిర్‌స్కీ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనంలో, వారంలో ఐదు మంచిపనులూ ఒకే రోజు చేసినవారిలో సంతోషం పెరిగింది. రోజూ కుదరకపోతే వారానికో రోజు పెట్టుకోండి. ఏం కావాలో ఎదుటివారినే అడగండి. అవసరం తెలిసి చేసిన సాయం చిన్నదైనా వృథా పోదు.