జుట్టు సాపు చేయించుకునే ముందు బిల్లు అడగాలి

వంకుల జుట్టును సాపు చేసేది ఇస్త్రీ వేడి ఒక్కటే కాదు. వెంట్రుకలోని కెరటిన్‌ను పట్టి ఉంచే గంధకపు బంధాలను ముందు మందు తెంచుతుంది. ఇస్త్రీ పట్టాక న్యూట్రలైజర్ వాటిని కొత్త ఆకారంలో బిగిస్తుంది. రీబాండింగ్ జరిగేది ఇలాగే. కెరటిన్ ట్రీట్‌మెంట్ పేరుతో అమ్మే మందుల్లో కొన్ని వేడికి ఫార్మాల్డిహైడ్ ఆవిరిని వదులుతాయి. అది క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎప్పుడో తేల్చింది.

రీబాండింగ్ అయిన వెంట్రుక పాత రూపానికి రాదు. కుదుళ్ల నుంచి వచ్చే కొత్త జుట్టు మాత్రం మళ్లీ వంకులతోనే వస్తుంది, అదీ నెలకు సుమారు ఒక సెంటీమీటరు. నడుము దాకా ఉన్న జుట్టు కాలిపోతే పాత పొడవు రావడానికి ఏళ్లు పడుతుంది. అంతకుముందే రంగు వేసినా, ప్యాకెట్ నల్ల మైదాకు పెట్టినా ప్రమాదం ఎక్కువ. ఆ సంగతి పార్లర్‌లో ముందే చెప్పాలి, చెవి వెనక చర్మం మీద మందు పరీక్ష చేయమనాలి. పెళ్లి ముహూర్తం దగ్గర పెట్టుకుని కుర్చీ ఎక్కేవాళ్లకు ఇవేవీ పట్టవు.

డబ్బు తీసుకుని చేసే ఈ పని వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద సేవే. అజాగ్రత్తగా చేస్తే అది సేవాలోపం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుంచి వచ్చే ఇలాంటి కేసులు వీగిపోయేది చట్టం లేక కాదు, బిల్లు లేక. కోరుట్ల వైపు నుంచి ఈమధ్య వచ్చిన ఒక కేసులో పెళ్లికూతురి జుట్టు మధ్యకు తెగి చేతికి వచ్చింది. డబ్బు పార్లర్ యజమానురాలి భర్త ఫోన్ నంబరుకు పోయింది. బిల్లు లేదు, మందు సీసా పేరు ఎవరికీ గుర్తు లేదు. తెగిన జుట్టును ఇంట్లోవాళ్లు భుజాల దాకా కత్తిరించి పారేశారు. ‘అవి మేకప్ పైసలు, జుట్టు మేం ముట్టుకోలేదు’ అని పార్లర్ జవాబు. ఫోన్ చెల్లింపు డబ్బు ఇచ్చినట్టు చూపిస్తుంది, దేనికి ఇచ్చారో చెప్పదు.

కాబట్టి బిల్లు తీసుకోవాలి, దాని మీద చేసిన పని పేరు రాయించాలి. అడిగినా ఇవ్వకపోతే అదే అనుచిత వ్యాపార విధానం అని చట్టం సెక్షన్ 2(47)లో చెబుతోంది. బిల్లు ఇవ్వనన్న పార్లర్‌లో జుట్టు మీద చెయ్యి వేయనివ్వకపోవడమే మేలు. మందు సీసా లేబుల్‌ను, బ్యాచ్ నంబరుతో సహా, పని మొదలుకాక ముందే ఫొటో తీసుకోవాలి. నష్టం జరిగితే కత్తెర పట్టకముందే ఫొటోలు, చర్మవ్యాధుల ఓపీ చీటీ ఉండాలి. జగిత్యాల, సిరిసిల్ల రెండుచోట్లా ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి, ఆ చీటీకి దూరం పోనక్కర్లేదు. తెగిన వెంట్రుకలను కవర్‌లో దాచాలి. పోలీస్ స్టేషన్ మెట్లెక్కితే ‘మాట్లాడుకోండి’ అనడం తప్ప సాధారణంగా ఒరిగేదేమీ ఉండదు, నెలలు మాత్రం పోతాయి.

గల్ఫ్‌లో ఉన్న భర్తో అన్నో డబ్బు పంపాడని వెనకాడాల్సిన పని లేదు. డబ్బు ఇచ్చినవారి సమ్మతితో సేవ పొందినవారూ వినియోగదారులే. హైదరాబాద్‌లో చేయించుకున్నా, తాము ఉండే చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల వారికి అది కరీంనగర్‌లో ఉంది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ముందుగా ఫిర్యాదు చేయవచ్చు, కానీ అది కేసు కాదు, కేసు వేయడానికి ఉన్న రెండేళ్ల గడువును ఆపదు.

ఎంత అడగాలన్నదీ కాగితాలను బట్టే. ఢిల్లీలో ఒక హోటల్ సెలూన్ జుట్టు మరీ పొట్టిగా కత్తిరించిందని జాతీయ కమిషన్ 2021లో 2 కోట్లు ఇప్పించింది. ఆధారాలు లేకుండా అంత మొత్తం కుదరదని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ లెక్కను కొట్టేసి కేసును వెనక్కి పంపింది. ఆ కేసు తర్వాతా నడిచింది గానీ, కోట్ల మాట విని వచ్చేవాళ్లకు ఈ సగం తెలియదు. మానసిక వేదనకు పరిహారం ఉంటుంది, చికిత్స ఖర్చుకు రసీదులు కావాలి. ‘ఏం జరిగినా మాకు బాధ్యత లేదు’ అని సంతకం చేయించుకున్న కాగితం పార్లర్‌ను అజాగ్రత్త నుంచి కాపాడదు. అందులో చేసే పని పేరు రాసి ఉంటే మాత్రం దాని నకలు అడిగి తీసుకోవాలి, బిల్లు లేనప్పుడు అదే ఆధారం అవుతుంది.