వకీలు ఆఫీసు: ఏది వారసత్వం, ఏది అమానతు?

జీవితమంతా ఇతరుల వీలునామాలు రాసిపెట్టిన వకీలు తన వీలునామా రాసుకోకుండానే కన్నుమూయడం మన సమాజంలో అరుదేమీ కాదు. ఊరి ఆస్తి తగాదాలు తీర్చిన ఆయన ఇంట్లోనే, జనాజా లేచిన కొన్నాళ్లకు తగాదా మొదలవుతుంది. ప్రభుత్వోద్యోగికి పదవీ విరమణ తేదీ ముందే తెలుసు. న్యాయవాదికి మాత్రం చట్టం అలాంటి వయసేదీ నిర్ణయించలేదు. ఓపిక ఉన్నంతకాలం కోర్టుకు వెళ్లవచ్చు. అందుకే తన తర్వాతి సంగతి ఆలోచించడాన్ని ఆయన వాయిదా వేస్తూ పోతాడు. కోర్టులో వాయిదా దొరుకుతుంది. మరణదూత దగ్గర వాయిదా దొరకదు.

సోదర సోదరీమణులారా! సొంత ఆఫీసు నడుపుతున్న న్యాయవాదులను ఉద్దేశించి ఈ పాఠం రాస్తున్నాము. అయితే వారి భార్యాబిడ్డలు, జూనియర్లు, గుమాస్తాలు, వారిని నమ్ముకున్న కక్షిదారులు కూడా దీన్ని చదవాలి. ఎందుకంటే వకీలు చేసిన నిర్లక్ష్యానికి మూల్యం చెల్లించేది వీరే.

ముందు అడగవలసిన ప్రశ్న

“నా తర్వాత ఈ కుర్చీలో ఎవరు కూర్చోవాలి?” అని అందరూ ఆలోచిస్తారు. షరీఅతు దృష్టిలో దానికంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది: “ఈ గదిలో ఉన్నవాటిలో నాది ఏది, నాది కానిది ఏది?”

ఆఫీసు భవనం, బల్లలు, బీరువాలు, న్యాయశాస్త్ర గ్రంథాలు, పని పూర్తిచేసి ఇంకా వసూలు కాని ఫీజులు, భాగస్వామ్య సంస్థ అయితే అందులో తన వాటా... ఇవి ఆయన సొత్తు. కేసు కట్టలు, కక్షిదారులు నమ్మి ఇచ్చిన అసలు దస్తావేజులు, కోర్టు ఫీజు కోసం ఇచ్చిన డబ్బు, వారి తరఫున అందుకున్న నష్టపరిహారం... ఇవి ఆయన సొత్తు కావు. ఇవి అమానతులు. ఫీజు బాకీ ఉందన్న కారణంతో కూడా న్యాయవాది కక్షిదారుని కాగితాలు ఆపిపెట్టుకోరాదని మన సుప్రీంకోర్టు 2000లో తీర్పు చెప్పింది. వకీలుకే లేని హక్కు ఆయన వారసులకు ఎక్కడినుంచి వస్తుంది?

అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించాలన్నది అన్నిసా సూరా 58వ ఆయతులో అల్లాహ్ చేసిన ఆజ్ఞ. కనుక ఆఫీసు పంపకం అమానతుల అప్పగింతతో మొదలు కావాలి.

హిజ్రత్ నేర్పిన పాఠం

క్రీ.శ. 622లో దైవప్రవక్త (స) మక్కాను విడిచి వెళ్లవలసి వచ్చింది. శత్రువులు ప్రాణాలు తీయడానికి పన్నాగం పన్నిన సమయమది. అయినా తన దగ్గర ప్రజలు దాచుకున్న వస్తువులను ఆయన మరచిపోలేదు. వాటిని సొంతదారులకు అప్పగించే బాధ్యతను హజ్రత్ అలీ (రజి)కి ఒప్పజెప్పారు. హజ్రత్ అలీ (రజి) మక్కాలో మూడు రోజులు ఆగి, ఎవరివి వారికి అప్పగించి, ఆ తర్వాతే మదీనాకు బయలుదేరారు.

ఇందులో మూడు విషయాలు గమనించండి. ఒకటి, బాధ్యత అప్పగించింది ఫలానా వ్యక్తికి అని స్పష్టంగా ఉంది. రెండు, ఏ వస్తువు ఎవరిదో ఆ వ్యక్తికి తెలుసు. మూడు, వస్తువు నేరుగా సొంతదారుకే చేరింది. నేటి వకీలు ఆఫీసుల్లో ఈ మూడూ ఉన్నాయా? చాలాచోట్ల ఏ కట్ట ఎక్కడుందో వకీలుకు, ఆయన గుమాస్తాకు తప్ప మూడో మనిషికి తెలియదు.

వకాల్తా వారసత్వంగా రాదు

సివిల్ ప్రొసీజర్ కోడ్ మూడో ఆర్డరు నాలుగో రూలు ప్రకారం వకీలు మరణంతో వకాల్తా ముగిసిపోతుంది. కొడుకు కూడా న్యాయవాదే అయినా తండ్రి వకాల్తా మీద వాదించలేడు. కక్షిదారు ఇష్టపడి కొత్త వకాల్తా ఇవ్వాలి. వేరే వకీలును పెట్టుకునే స్వేచ్ఛ అతనికి పూర్తిగా ఉంది. కాబట్టి “మా నాన్న కేసులు” అనే ఆస్తి లోకంలో లేదు.

ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంది. సివిల్ దావాలో డిక్రీ మీద జిల్లా కోర్టులో అప్పీలుకు గడువు 30 రోజులు, హైకోర్టులో అయితే 90 రోజులు. వకీలు చనిపోయి ఆఫీసుకు తాళం పడితే, ఊళ్లో ఉన్న పేద కక్షిదారుకు ఆ కబురు అందేసరికి గడువు దాటిపోవచ్చు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కోర్టుకు ఉన్నప్పటికీ, మన్నిస్తుందన్న హామీ లేదు. ఒక వితంతువు ఇంటిస్థలం, ఒక అనాథ వాటా ఇలా చేజారితే ఆ బరువు ఎవరి మెడ మీద పడుతుంది?

బతికుండగానే విరమించుకునే వకీలుకు కూడా పద్ధతి ఉంది. తగిన కారణం లేకుండా కేసు వదలరాదనీ, కక్షిదారుకు చాలినంత ముందుగా తెలియజేయాలనీ, చేయని పనికి తీసుకున్న ఫీజు తిరిగి ఇవ్వాలనీ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు చెబుతున్నాయి. వకాల్తా మానుకోవడానికి కోర్టు అనుమతి కూడా కావాలి.

హజ్రత్ జుబైర్ (రజి) అప్పులు

సహీహ్ బుఖారీలో హజ్రత్ జుబైర్ బిన్ అవ్వామ్ (రజి) వృత్తాంతం ఉంది. ప్రజలు ఆయన దగ్గర డబ్బు దాచుకోవడానికి వస్తే, అది పోతుందేమోనన్న భయంతో దాన్ని అమానతుగా కాక అప్పుగా తీసుకునేవారు. హిజ్రీ 36లో ఆయన మరణించేనాటికి ఆ అప్పులు 22 లక్షలకు చేరాయి. నగదు లేదు. భూములు, ఇళ్లు ఉన్నాయి. ఆయన తన కుమారుడు హజ్రత్ అబ్దుల్లాహ్ (రజి)ను పిలిచి, ముందు అప్పులు తీర్చమని చెప్పి వెళ్లారు. కుమారుడు భూమి అమ్మి అప్పులు తీర్చారు. మిగిలిన వారసులు పంపకం చేయమని అడిగినా వెంటనే ఒప్పుకోలేదు. నాలుగేళ్లపాటు హజ్ సమయంలో, తన తండ్రి ఎవరికైనా బాకీ ఉంటే రమ్మని చాటించి, ఆ తర్వాతే ఆస్తి పంచారు.

నేటి వకీలు విషయంలో ఒక తేడా ఉంది. తన చేతిలోని కక్షిదారుని సొమ్మును అప్పుగా మార్చుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు నిషేధించాయి. ఆ సొమ్ముకు విడిగా లెక్క రాయాలి. కనుక “ప్రస్తుతానికి వాడుకుని తర్వాత ఇద్దాం” అనే మాటకు తావు లేదు.

కొడుకా, జూనియరా?

పనిలో పెట్టుకోవడానికి తగినవాడు బలమూ నమ్మకమూ రెండూ ఉన్నవాడని అల్ ఖసస్ సూరా 26వ ఆయతు ద్వారా తెలుస్తోంది. వకీలుకు బలమంటే చట్ట పరిజ్ఞానం, శ్రమ. ఆ రెండు గుణాలూ కొడుకులో ఉంటే సంతోషమే. కూతురు న్యాయవాది అయి ఆమెలో ఉంటే ఆమె ఎందుకు కాకూడదు? ఇరవై ఏళ్లు కట్టలు మోసిన జూనియర్‌లో ఉంటే రక్తసంబంధం లేదని అతణ్ణి పక్కన పెట్టడం న్యాయమా? ఎవరిని ఎంచుకున్నా, వారిని కక్షిదారులకు ముందే పరిచయం చేయాలి. తుది నిర్ణయం కక్షిదారుకే వదిలేయాలి.

న్యాయవాది కానివారితో ఫీజు పంచుకోరాదన్నది మరో నియమం. అందువల్ల “నా తర్వాత వచ్చే ఫీజుల్లో మా ఇంటికి నెలనెలా వాటా పంపించు” అని జూనియర్‌తో నోటిమాట ఒప్పందం చేసుకోవడం సరికాదు. తాను చేసిన పనికి రావలసిన మొత్తాన్ని రాసిపెట్టి ఇంటివారికి చెప్పడమే మార్గం.

భాగస్వామ్య సంస్థ అయితే ఇంకా జాగ్రత్త అవసరం. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరే విధంగా రాసుకోకపోతే ఒక భాగస్వామి మరణంతో సంస్థ రద్దవుతుంది. లెక్క తేల్చకుండా మిగిలినవారు పని సాగిస్తే, పోయినవారి వాటాపై లాభం గాని, ఏడాదికి 6 శాతం వడ్డీ గాని కోరవచ్చని ఆ చట్టమే చెబుతోంది. వడ్డీ మనకు హరామ్. కనుక వాటాను ఎలా లెక్కగట్టాలో, ఎన్ని నెలల్లో చెల్లించాలో ఒప్పందపత్రంలోనే రాసుకుంటే వడ్డీ ప్రసక్తే రాదు.

పంపకం లెక్క

ఒక వకీలు పేరున మొత్తం 44 లక్షల విలువైన ఆస్తి, నగదు కనిపిస్తోందనుకుందాం. అందులో 5 లక్షలు కక్షిదారుల సొమ్ము. అది వారసత్వంలోకి రాదు. మిగిలిన 39 లక్షల నుండి ఖనన ఖర్చులు, అప్పులు, భార్యకు చెల్లించని మహర్, చేయని పనికి తీసుకున్న ఫీజులు కలిపి 7 లక్షలు పోతే 32 లక్షలు మిగులుతాయి. మహర్ కూడా అప్పేనని మరువకండి. వసీయత్ ఏమీ లేదు, తల్లిదండ్రులు లేరు, భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు ఉన్నారంటే, అన్నిసా సూరా 11, 12 ఆయతుల ప్రకారం భార్యకు 8వ వంతు అంటే 4 లక్షలు, కొడుకుకు 14 లక్షలు, ఒక్కో కూతురికి 7 లక్షలు.

“ఆఫీసు భవనం వకీలైన కొడుకుకే” అని వీలునామా రాస్తే చెల్లుతుందా? వారసునికి వసీయత్ లేదు. తండ్రి మరణానంతరం మిగతా వారసులు మనస్ఫూర్తిగా అంగీకరిస్తే తప్ప అది చెల్లదు. వారసుడు కాని జూనియర్‌కు గ్రంథాలయం రాసివ్వాలంటే మూడో వంతు హద్దులో రాయవచ్చు. బతికుండగా కొడుకుకు హిబా చేయాలంటే వస్తువును నిజంగా స్వాధీనం చేయాలి. మిగతా పిల్లలకు అన్యాయం జరగకూడదు. ఒక సహాబీ ఒక్క కొడుకుకే కానుక ఇచ్చి సాక్ష్యం కోరితే దైవప్రవక్త (స) సాక్షిగా ఉండడానికి నిరాకరించారు.

ఈ నెలలోనే చేయవలసినవి

1. నడుస్తున్న కేసుల పట్టిక రాయండి: కక్షిదారు పేరు, ఫోన్ నంబరు, కోర్టు, తర్వాతి వాయిదా, ఆఖరి గడువు.
2. ముగిసిన కేసుల అసలు దస్తావేజులను రసీదు తీసుకుని తిరిగి ఇచ్చేయండి.
3. కక్షిదారుల సొమ్మును మీ సొమ్ము నుండి వేరు చేయండి.
4. మీకేమైనా అయితే కక్షిదారులకు వెంటనే కబురు చేసే బాధ్యతను ఒక న్యాయవాదికి అప్పగించి, ఆ సంగతి ఇంట్లో చెప్పండి.
5. అప్పులు, మహర్, రావలసిన ఫీజులు, వసీయత్ రాసి సాక్షుల సంతకాలు చేయించండి. వసీయత్ చేయవలసింది ఉన్న ముస్లిం, అది రాసిపెట్టుకోకుండా రెండు రాత్రులు గడపరాదని దైవప్రవక్త (స) హెచ్చరించారు.

ఇంటి ఆడవారు ఈ మాట ఎత్తడానికి సంకోచిస్తారు. చావు కోరుకుంటున్నారని అనుకుంటారేమోనని భయం. అడగండి. ఈ ప్రశ్న అడిగిన భార్య భర్త ఆస్తిని కాదు, ఆయన పరలోకాన్ని కాపాడుతోంది.

మన చేతుల్లో ఉన్న అమానతులను హక్కుదారులకు చేర్చి, భారం లేని మెడతో తన సన్నిధికి చేరే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.