కోడి తోకక్రింది సంచి

గత సంవత్సరము పదవ తరగతిలో నేను పక్షుల శరీర నిర్మాణమును బోధించుచుంటిని. నల్లబల్లపై వ్రేలాడదీసిన కోడి పటములో, ప్రేగు ముగియు చోట, తోకకు దిగువగా, ఒక చిన్న సంచి గీయబడి యుండెను. వెనుక వరుసలోని యొక బాలుడు లేచి, "అయ్యా, ఆ సంచి దేనికి?" అని యడిగెను. గంట కొట్టుటకు నిమిషము మాత్రమే మిగిలి యుండుటచే, "అది పరీక్షకు రాదు, కూర్చుండుము" అంటిని. వాడు కూర్చుండెను. కాని యా సాయంకాలము నా మనస్సు నిలువలేదు. ఏలయన, దాని యుపయోగము నాకును తెలియదు. తెలియదని చెప్పుటకు మారుగా వాని నోరు మూయించితిని. పిమ్మట పుస్తకములు తిరుగవేసి నేర్చుకొన్న దానిని ఇచ్చట వ్రాయుచున్నాను.

ప్రియ బాలబాలికలారా! తట్టు ఒకసారి సోకి నయమైన పిల్లవానికి అది మరల సోకుట మిక్కిలి యరుదని మీ యింటి పెద్దలు చెప్పగా వినియుందురు. దీనికి ముఖ్య కారణములలో నొకటి రక్తములోని ప్రతిరక్షకములు. ఇవి పంగలకర్ర వలె రెండు కొమ్మలుగా చీలిన మాంసకృత్తులు. ఆ కొమ్మల కొనలు రోగక్రిమిని పట్టుకొనును. ఒక్కొక్క విధమైన ప్రతిరక్షకము తనకు సరిపోవు ఆకారమునే పట్టును, తాళమునకు దాని చెవి యెట్లో అట్లు. అయితే యీ ప్రతిరక్షకములను చేయు కణములు శరీరములో నెచ్చట పుట్టును? ఈ ప్రశ్నకు మార్గము చూపినది ఆ కోడి సంచియే.

ఆ సంచిని వర్ణించినవాడు ఇటలీ దేశమందలి పాడువా నగరమున శరీర శాస్త్రమును బోధించిన ఫాబ్రీషియస్ పండితుడు. రక్త ప్రసరణమును కనుగొనిన హార్వే యీయన శిష్యుడే. ఆయన మరణానంతరము 1621లో అచ్చయిన గ్రంథములో ఈ సంచి ప్రసక్తి కలదు. అది సంతానోత్పత్తికి సంబంధించినదని ఆయన యూహించెను. ఆ యూహ తప్పు. అయినను సంచికి ఆయన పేరే నిలిచినది. తరువాత మూడు వందల సంవత్సరములకు పైగా దాని నిజమైన పని యెవరికిని తెలియదు.

1950 తరువాతి సంవత్సరములలో అమెరికాలోని ఒహయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున బ్రూస్ గ్లిక్ అను విద్యార్థి, తన యాచార్యుడు ఒక పెద్దబాతును కోయుచుండగా చూచుచుండెను. ఆచార్యుడు ఆ సంచిని బయటికి తీసెను. గ్లిక్ "ఇదేమి? దీని పనియేమి?" అని యడిగెను. అది మంచి ప్రశ్నయనియు, సమాధానమును నీవే కనుగొనుమనియు ఆచార్యుడు పలికెను. నేను నా విద్యార్థికి చెప్పిన మాటకును, ఆయన చెప్పిన మాటకును గల భేదమును గమనింపుడు.

గ్లిక్ కోడిపిల్లలనుండి ఆ సంచిని తొలగించి పెంచెను. అవి చక్కగా పెరిగెను. లోపమేదియు కనబడలేదు. ఇంతలో తిమోతి ఛాంగ్ అను సహవిద్యార్థికి, ప్రతిరక్షకములు పుట్టు విధమును తరగతికి చూపుటకై కొన్ని కోళ్లు కావలసివచ్చెను. గ్లిక్ వద్దనున్న కోళ్లను తీసికొని వానికి సాల్మొనెల్లా యను సూక్ష్మజీవికి సంబంధించిన పదార్థమును సూదితో నెక్కించెను. కొన్ని కోళ్లు చచ్చెను. బ్రతికిన వానిలో పెక్కింట ప్రతిరక్షకములు కనబడలేదు. తరగతి యెదుట ప్రదర్శనము చెడిపోయెను. ఇంకొకడైన సిగ్గుపడి యూరకుండెడివాడే. వీరిద్దరు మాత్రము లెక్కల పుస్తకము తెరచి చూచిరి. ప్రతిరక్షకములు లేని కోళ్లు చిన్నతనమునందు సంచి తీయబడినవే! ఒక ప్రసిద్ధ విజ్ఞాన పత్రిక వారి వ్యాసమును స్వీకరింపలేదు. చివరకది 1956లో కోళ్ల పెంపకమునకు సంబంధించిన పత్రికలో అచ్చయ్యెను. మానవ వైద్యులలో దానిని చదివినవారు కొద్దిమందియే.

ఈ సంగతికి గల విలువను గ్రహించినవారిలో ముఖ్యుడు మాక్స్ కూపర్. ఈయన 1933లో అమెరికాలోని మిస్సిసిపీ రాష్ట్రమున జన్మించెను. వృత్తిచేత పిల్లల వైద్యుడు. ఆ కాలమున కొందరు బాలురు మాటిమాటికి తీవ్రమైన క్రిమిరోగముల పాలగుచుండిరి. 1952లో బ్రూటన్ అను సైనిక వైద్యుడు ఎనిమిదేండ్ల బాలుని రక్తమును పరీక్షించి, అందు ప్రతిరక్షకముల భాగమే లేదని కనుగొనెను. వేరొకచోట, 1961లో జాక్ మిల్లర్ అను పండితుడు, రొమ్ముటెముక వెనుకనుండు థైమస్ గ్రంథిని పుట్టిన వెంటనే తొలగించిన యెలుకలు రోగములను తట్టుకొనలేవని లండనులో చూపెను. మరి కోడికి థైమస్ గ్రంథియు కలదు, సంచియు కలదు. రెండింటి పని యొకటియేనా, వేరువేరా?

1963లో కూపర్ మిన్నెసోటా విశ్వవిద్యాలయమున రాబర్ట్ గుడ్ అను వైద్యుని ప్రయోగశాలలో చేరెను. కోడిపిల్ల గ్రుడ్డునుండి వెలువడు నాటికే సంచినుండి కొన్ని కణములు దేహమంతట వ్యాపించి యుండును. అందుచే సంచిని తీసివేసినంత మాత్రమున ఫలితము స్పష్టము కాదు. కావున ఆయన సంచినో, థైమస్‌నో తొలగించి, పిమ్మట కిరణములచే మిగిలిన కణములను నశింపజేసెను. సంచిలేని పిల్లలు ప్రతిరక్షకములను చేయలేకపోయెను, కాని పరాయి చర్మమును అతికించినచో దానిని త్రోసివేయగలిగెను. థైమస్ లేని పిల్లలలో చర్మమును త్రోసివేయు శక్తి తగ్గెను. శరీర రక్షణకు రెండు వేరువేరు సైన్యములు కలవని 1965లో లోకమునకు తెలిసెను. లాటిను భాషలో సంచిని బర్సా యందురు. దాని మొదటి యక్షరమునుబట్టి ఒక సైన్యమునకు బి కణములనియు, థైమస్‌నుబట్టి రెండవదానికి టి కణములనియు తరువాత పేళ్లు వచ్చెను.

మనుష్యునకు ఆ సంచి లేదు కదా! మన బి కణము లెచ్చట పుట్టును? కూపర్ దీనిని వెదకుచు, 1974లో ఓవెన్, రాఫ్ అను మిత్రులతో కలిసి, గర్భమందలి చిట్టెలుక పిండపు కాలేయములో బి కణములు పుట్టుటను చూపెను. జన్మించిన పిమ్మట ఆ పని యెముకలలోని మూలుగకు చెందును.

ప్రతి బి కణము తన పైపొరయందు సుమారు లక్ష గ్రాహకములను ధరించును. గ్రాహకమనగా ఆ కణము చేయబోవు ప్రతిరక్షకమునకు మాదిరియే. ఒక కణముపై నన్నియు నొకే ఆకారము, వేరొక కణముపై వేరు ఆకారము. తనకు సరిపోవు క్రిమి తగిలినప్పుడు, సాధారణముగా టి కణముల సాయముతో, ఆ కణము పలుమారులు విభాగమొంది, అదే ఆకారముగల ప్రతిరక్షకములను రక్తములోనికి విడుచును. ఇన్ని ఆకారము లెట్లు సాధ్యము? మన యక్షరములు ఏబదియారే. వానిని మార్చిమార్చి కూర్చిన మాటలకు లెక్కలేదు. అట్లే బి కణము కొద్దిపాటి జన్యు ఖండములను మార్చి కూర్చుకొనునని 1976లో తొనెగావా యను జపాను పండితుడు నిరూపించెను. అందులకు 1987లో నోబెల్ బహుమానము పొందెను.

కూపర్ వృద్ధాప్యమునందును ఊరకుండలేదు. దవడలేని లాంప్రే యను ప్రాచీన జాతి చేపలో ఖండములను కూర్చుకొను గ్రాహకములు కలవనియు, కాని యవి మన ప్రతిరక్షకములకంటె భిన్నమైన మాంసకృత్తులతో నేర్పడినవనియు 2004లో ఆయనయు సహచరులును ప్రకటించిరి. 2019లో కూపర్, మిల్లర్ లిరువురకు లాస్కర్ బహుమానము లభించెను.

ఈ విద్యవలన కలిగిన మేలెట్టిది? బ్రూటన్ చూచిన బాలునికి ఇతరుల రక్తమునుండి తీసిన ప్రతిరక్షకముల నెక్కించుటచే రోగములు తగ్గెను. ఆ వ్యాధికి మూలమైన జన్యులోపము 1993లో తెలిసెను. బి కణములనుండి పుట్టు ఒక విధమైన పుట్టవ్రణమునకు, ఆ కణములనే గురిచూచి పట్టు రిటుక్సిమాబ్ అను నౌషధమును 1997లో అమెరికా ప్రభుత్వ మంగీకరించెను.

నేనిది నేర్చిన మరుసటి దినమే తరగతిలో ఆ బాలుని పేరు పిలిచి, "నిన్న నీ ప్రశ్నకు నాకు జవాబు తెలియదు. ఆ మాట చెప్పక పోవుట నా తప్పు" అని, సంచి కథ సంగ్రహముగా వినిపించితిని. వాడు విని, "మరి పెద్ద కోడిలో ఆ సంచి యేమగును, అయ్యా?" అని యడిగెను. అది క్రమముగా కృశించిపోవును. అప్పటికే దాని కణములు దేహమంతట కాపురముండును. ఈ మారు గంట కొట్టినను నేనును వాడును కదలలేదు.

బాలబాలికలారా, అడుగుటకు సిగ్గుపడకుడు. తలిదండ్రులారా, సహోపాధ్యాయులారా, పిల్లవాడడిగిన దానికి జవాబు తెలియనప్పుడు తెలియదనియే చెప్పి, వానితో కూడ వెదకుదము.