పట్నంలో కచేరీ: కొత్త జంటకు ఒక లేఖ

నల్గొండకైనా మహబూబ్‌నగర్‌కైనా హైదరాబాద్ నూరు కిలోమీటర్లకు అటూఇటూ దూరం. శని, ఆదివారాల్లో కచేరీకి పోయే జంటల్ని ఇబ్బంది పెట్టేది ఈ దగ్గరితనమే. రాత్రికి ఇల్లు చేరొచ్చులే అనుకుని బయల్దేరినవాళ్లు, పాట మంచి పట్టుమీద ఉన్నప్పుడు చివరి బస్సు గుర్తొచ్చి కుర్చీల్లోంచి లేస్తారు. అందుకే టికెట్లు కొన్న రోజే రాత్రి బస కూడా ఖాయం చేసుకోవాలి, అదీ కచేరీ జరిగే చోటికి దగ్గర్లో. బంధువుల ఇల్లు ఖర్చు లేని మాట నిజమే. కానీ కొత్త జంట వచ్చిందంటే అక్కడ వంటలు మొదలవుతాయి, బట్టలు పెట్టాలంటారు, ఆరు గంటలకు బయల్దేరాల్సినవాళ్లు ఏడున్నరకు కూడా గడప దాటరు. వాళ్లను చూడటానికి మరో వారం పోవచ్చు.

కచేరీ ఎక్కడో తెలిస్తే రెండు రోజుల్లో మిగతా సమయం ఎటు తిరగాలో తేలిపోతుంది. శాస్త్రీయ సంగీతం, కూచిపూడి, నాటకం ఎక్కువగా రవీంద్రభారతిలో ఉంటాయి. 1961లో మొదలైన ఈ భవనం అసెంబ్లీకి దగ్గర. ఇక్కడ చాలా కార్యక్రమాలకు టికెట్టే ఉండదు, ముందొచ్చినవాళ్లకు ముందు వరస. మాదాపూర్‌లోని శిల్పకళా వేదికలో సుమారు 2,500 మంది కూర్చోవచ్చు. సినిమా సంగీతం పెద్ద ఎత్తున జరిగితే అది గచ్చిబౌలి స్టేడియం లాంటి ఆరుబయట మైదానానికి పోతుంది. మైదానంలో అన్నిటికన్నా ఖరీదైన టికెట్ వేదిక ముందుది, అక్కడ గాయకుడి ముఖం బాగా కనిపిస్తుంది కానీ స్పీకర్ల హోరులో వయొలిన్లు వినపడవు. మైదానం నడుమ సౌండ్ ఇంజినీరు బల్ల వేసుకుని కూర్చుంటాడు. అతను శబ్దాన్ని సరిచూసుకునేది తన చెవికి వినపడేదాన్ని బట్టే కాబట్టి ఆ బల్ల చుట్టుపక్కల నిలబడినవాళ్లు మంచి పాట వింటారు, తక్కువ డబ్బుకే.

పోయేటప్పుడు ఎక్స్‌ప్రెస్ బస్సయితే ఇద్దరికీ కలిపి ఒకరి టికెట్ డబ్బులే. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్ ఇస్తున్నారు. గుర్తింపు కార్డు మాత్రం చేతిసంచిలో ఉండాలి. సూపర్ లగ్జరీకి ఇది వర్తించదు. నల్గొండ నుంచి వచ్చేవాళ్లు ఎల్బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కడం మేలు. రవీంద్రభారతికి అసెంబ్లీ స్టేషన్‌లో దిగాలి. శిల్పకళా వేదికకైతే అమీర్‌పేటలో రైలు మారి హైటెక్ సిటీ పోవాలి. పాలమూరు (మహబూబ్‌నగర్) బస్సులో వచ్చేవాళ్లు ఆరాంఘర్‌లో దిగి మెహదీపట్నం మీదుగా పడమటి వైపు చేరొచ్చు.

ఆదివారం అన్నీ చూసేయాలన్న ఆరాటమే అలసట తెస్తుంది. కచేరీ పడమట జరిగితే గోల్కొండ, పక్కనే కుతుబ్‌షాహీ సమాధులు, అంతే. కోటకు ఎండ ముదరక ముందే చేరాలి. కింద ద్వారం దగ్గర ఒకరు చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో ఉన్నవాళ్లకు వినపడుతుంది. జంటలో ఒకరు కింద, ఒకరు పైన ఉండి చూడాల్సిన వింత అది.

కచేరీ రవీంద్రభారతిలో అయితే పాతబస్తీ దగ్గర. సాలార్‌జంగ్ మ్యూజియంలో గదులన్నీ తిరగనక్కర్లేదు. గంట కొట్టే వేళకు కాస్త ముందే పెద్ద గడియారం ఎదుట చోటు దొరికించుకోవాలి. చిన్న గడ్డపు బొమ్మ ఒకటి తలుపు తీసుకుని వచ్చి, గంట కొట్టి, మళ్లీ లోపలికి పోతుంది. పన్నెండింటికి పన్నెండు దెబ్బలు కాబట్టి జనం అప్పుడే ఎక్కువ. అక్కణ్నుంచి చార్మినార్, లాడ్‌బజార్. లక్క గాజులకు మొదట చెప్పే ధర బేరానికి పిలుపు మాత్రమే. అక్కడ భర్త తొందరపెట్టకూడదు. ఆదివారం అబిడ్స్‌లో మూసిన దుకాణాల ముందు పాత పుస్తకాలు పరుస్తారు, అక్కడ భార్య తొందరపెట్టకూడదు.

తిండి విషయంలో పేరు మోసిన హోటల్ కోసం ఊరు దాటి పోవడం దండగ. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ చార్మినార్ నీడలోనే దొరుకుతాయి. బిర్యానీ కచేరీకి ముందు తింటే నిద్ర వస్తుంది, తర్వాతే తినాలి. 1935 నాటి మొజంజాహీ మార్కెట్‌లో పండ్ల ఐస్‌క్రీం తినకుండా రాకూడదు. సీజన్‌లో సీతాఫలం రకం ఉంటుంది. పేరున్న బాలానగర్ సీతాఫలం పాలమూరు పండే.

నల్గొండవాళ్లు హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుణ్ని కూడా చూసి రావాలి. ఆ 58 అడుగుల ఏకశిల ఉమ్మడి జిల్లాలోని రాయగిరి గుట్టది. 1990లో పడవ మీద తీసుకుపోతుంటే మనుషుల్ని కూడా బలిగొంటూ సాగర్‌లో మునిగింది. పైకి తీసి నిలబెట్టింది 1992లో.

ఆదివారం సాయంత్రం పట్నం వాహనాలన్నీ లోపలికి వస్తుంటాయి, జిల్లాకు పోయేవాళ్లకు దారి ఖాళీ. పండగ సెలవుల్లో మాత్రం ఈ లెక్క తలకిందులు. సంక్రాంతికి ముందు విజయవాడ రోడ్డు మీద పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్లు బారులు తీరుతాయి, ఆ వారం కచేరీ ఉన్నా నల్గొండ జంట బస్సుకు బదులు రైలు చూసుకోవాలి.