నోరెందుకు ఎండిపోతుంది? – ఒత్తిడి హార్మోనులు, లాలాజలం

భయం వేస్తే “నాలుక పిడచకట్టుకుపోయింది” అనీ, ఆవకాయ జాడీ మూత తీస్తే “నోరూరింది” అనీ తెలుగువారు అంటారు. మనస్సుకూ లాలాజలానికీ గల సంబంధాన్ని శాస్త్రజ్ఞులు వివరించడానికి ఎంతో ముందే భాష గుర్తించింది. పూర్వం భారత, చైనా దేశాలలో నేరం మోపబడినవారి చేత బియ్యం నమిలించి ఉమ్మించేవారనీ, ఆ బియ్యం పొడిగా ఉంటే దోషిగా నిర్ణయించేవారనీ చెబుతారు. నిర్దోషికి కూడా భయం వేస్తుందన్న సంగతిని ఆ పరీక్ష విస్మరించింది.

ఆరోగ్యవంతుని నోటిలో రోజుకు సుమారు అర లీటరు నుంచి ఒకటిన్నర లీటర్ల వరకు లాలాజలం ఊరుతుంది. పెరోటిడ్, అధోజంభిక, అధోజిహ్విక అనే మూడు జతల పెద్ద గ్రంథులు, వందలాది చిన్న గ్రంథులు దీనిని తయారుచేస్తాయి. ఏమీ తిననప్పుడు నిమిషానికి 0.3 నుంచి 0.4 మిల్లీలీటర్లు స్రవించడం సాధారణం. అది 0.1 మిల్లీలీటరు కంటే తగ్గితే స్రావలోపంగా పరిగణిస్తారు. అయితే నోరు ఎండినట్లు అనిపించడం వేరు, స్రావం నిజంగా తగ్గడం వేరు. రెండూ ఎల్లప్పుడూ కలిసి ఉండవు.

ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి తోడ్పడిన ఆవిష్కరణలలో కొన్ని బ్రిటన్‌లోనే జరిగాయి. అధివృక్క గ్రంథుల సారం రక్తపోటును పెంచుతుందని 1894లో జార్జ్ ఆలివర్, ఎడ్వర్డ్ షేఫర్ లండన్‌లో చూపారు. 1905లో ఎర్నెస్ట్ స్టార్లింగ్ ‘హార్మోను’ అనే పదాన్ని ప్రవేశపెట్టారు. నాడుల సందేశాలను రసాయనాలు మోసుకుపోతాయని నిరూపించినందుకు హెన్రీ డేల్, ఆటో లోవీలకు 1936లో నోబెల్ బహుమతి లభించింది. ఆ రసాయనాలలో ఒకటైన ఎసిటైల్ కోలీన్ లాలాజల గ్రంథులకు ముఖ్యమైన ప్రేరకం.

అడ్రినలిన్ నేరుగా గ్రంథులను ఎండగడుతుందని చాలామంది భావిస్తారు. వాస్తవం కొంత భిన్నమైనది. పరసహానుభూత నాడులు నీటివంటి లాలాజలాన్ని ధారాళంగా స్రవింపజేస్తాయి. సహానుభూత నాడులు దానిలో ఎమైలేజ్ వంటి ప్రోటీనులను పెంచుతాయి. ఆందోళన కలిగినప్పుడు మెదడు పరసహానుభూత నాడులకు పంపే ఆజ్ఞలు తగ్గుతాయి. అందువల్ల నీరు తగ్గి, మిగిలినది చిక్కబడి, నాలుక అంగిటికి అతుక్కుంటుంది.

కార్టిసాల్ మరొక ఒత్తిడి హార్మోను. ఇది 21 కార్బన్ పరమాణువులు గల స్టెరాయిడ్. రక్తంలో దీనిలో అధికభాగం ప్రోటీనులకు అంటుకుని ఉంటుంది. స్వేచ్ఛగా ఉన్న కొద్దిభాగం కొవ్వులో కరిగే గుణం వల్ల కణత్వచాలను దాటి లాలాజలంలోకి చేరుతుంది. కనుక సూదిపోటు లేకుండానే దీనిని కొలవవచ్చు. నిద్రలేచిన అరగంట ప్రాంతంలో ఇది హెచ్చుగా, అర్ధరాత్రి వేళ అతి తక్కువగా ఉంటుంది. అందుచేత నమూనా తీసిన సమయం తెలియని కొలత వ్యర్థం.

నోరు ఎండేవారిలో ఈ హార్మోను అధికంగా ఉంటుందా? రజోనివృత్తి పొందిన స్త్రీలపై ఇరాన్‌లో జరిగిన పరిశోధనలో అలాగే కనిపించింది. స్వీడన్ పరిశోధకులు 2000లో స్రావలోపానికీ, నోటి పొడితనానికీ మందులతోపాటు ఆందోళన, కుంగుబాటు, ఒత్తిడులతో సంబంధం ఉన్నదని తెలిపారు. కానీ రెండు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణమని చెప్పరాదు. ఎండిన నోటితో నిద్రపట్టక, భోజనం రుచించక బాధపడేవారికి దానివల్లనే ఒత్తిడి కలగవచ్చు.

ఈ విచక్షణ ప్రవాస కుటుంబాలకు అత్యవసరం. పెద్దవారు నోరు ఎండుతోందంటే “టెన్షన్ వల్లే” అని తోసిపుచ్చడం, బియ్యం పరీక్షలాగే, తొందరపాటు తీర్పు. అలర్జీ, కుంగుబాటు, మూత్ర సంబంధ వ్యాధులకు వాడే అనేక మందులు లాలాజలాన్ని తగ్గిస్తాయి. అతిదాహంతో కూడిన పొడితనం మధుమేహ లక్షణం కావచ్చు. బ్రిటన్‌లోని దక్షిణాసియావాసులకు టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశం శ్వేతజాతీయుల కంటే రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువ. కళ్ళు కూడా పొడిబారితే షోగ్రెన్ వ్యాధిని అనుమానించాలి. ఇటువంటి వారు తమ మందుల జాబితాతో జి.పి.ని సంప్రదించాలి, మందులను సొంతంగా మానరాదు.

లాలాజలం ఆమ్లాలను తటస్థీకరించి దంతాలను కాపాడుతుంది. అది తగ్గినవారు తరచు గుక్కెడు నీరు త్రాగడం, చక్కెర లేని చూయింగ్ గమ్ నమలడం, ఫ్లోరైడ్ పేస్టు వాడడం, దంతవైద్యుని క్రమంగా కలవడం మేలు. భోజనానంతరం సోంపు నమిలే అలవాటు మంచిదే; చక్కెర పూత పూసిన సోంపు మాత్రం పళ్ళకు చేటు. నిమ్మకాయ చప్పరిస్తే నోరూరుతుంది గానీ, దాని ఆమ్లం రక్షణ తగ్గిన పళ్ళపై పింగాణీని కరిగిస్తుంది.