శాలువా కప్పిన మరుసటి రోజు



పదవ తరగతి ఫలితాలు వచ్చిన తరువాతి ఆదివారం మన విచారణల్లో ఒక చక్కని సందడి కనిపిస్తుంది. దివ్యబలిపూజ ముగిశాక విచారణ గురువులు మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలను పేరుపేరునా ముందుకు పిలుస్తారు. శాలువా కప్పి, జ్ఞాపిక చేతికిస్తారు. జనం చప్పట్లు కొడతారు. వెనుక వరుసలో నిలబడిన తల్లి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటుంది. ఏడాది పొడుగునా కూలికి వెళ్ళి ఆ బిడ్డను చదివించిన తల్లి ఆమె. ఆమెకు ఆ ఐదు నిమిషాలు దక్కవలసినవే. కష్టపడి చదివిన బిడ్డను పదిమందిలో మెచ్చుకోవడం మంచి ఆచారం. దానిని మానవద్దు.

కాని చప్పట్లు ఆగిపోతాయి. సోమవారం ఉదయం ఆ బిడ్డకు మనం ఏమి ఇస్తున్నాం? ఈ వారం ఈ సంగతి ఆలోచిద్దాం.

బహుమతి ఒకటి, పుస్తకం ఒకటి

గణిత శాస్త్రజ్ఞుడు శ్రీనివాస రామానుజన్ పేరు మీ పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. ఆయన కుంభకోణంలోని టౌన్ హైస్కూలులో చదివారు. 1904లో బడి ముగించేటప్పుడు ఆయనకు గణితంలో రంగనాథరావు బహుమతి వచ్చింది. ఈ కుర్రవాడికి నూటికి నూరు కంటె ఎక్కువ ఇవ్వాలన్న అర్థం వచ్చేలా ప్రధానోపాధ్యాయుడు సభలో మెచ్చుకున్నారని చెబుతారు.

అంతకు ముందు ఏడాది, 1903లో, మరొకటి జరిగింది. కార్ అనే ఇంగ్లీషు ఉపాధ్యాయుడు రాసిన గణిత గ్రంథం ఒకటి కాలేజీ గ్రంథాలయం నుంచి రామానుజన్ చేతికి వచ్చింది. అందులో సుమారు ఐదువేల సూత్రాలు ఉన్నాయి. వాటికి నిరూపణలు మాత్రం చాలా తక్కువ. ఆ కుర్రవాడు పలక మీద ఒక్కొక్కదానిని తానే నిరూపించుకుంటూ పోయాడు. ఆయనను పెంచింది ఆ పుస్తకం.

తరువాత ఏమైంది? ఆయన స్కాలర్‌షిప్పుతో కాలేజీలో చేరారు. గణితం తప్ప మిగతా పాఠాలు పట్టించుకోలేదు. స్కాలర్‌షిప్పు పోయింది. 1905లో ఇంట్లో చెప్పకుండా మన విశాఖపట్నం దాకా వచ్చేశారు. ఆ తరువాత మద్రాసులోనూ ఎఫ్.ఏ. పరీక్ష తప్పారు. 1913లో కేంబ్రిడ్జిలోని హార్డీకి ఉత్తరం రాసే వరకు ఆయనకు సరైన చేయూత దొరకలేదు. 1918లో రాయల్ సొసైటీ సభ్యులయ్యారు.

గమనించండి. సభలో మెప్పు పొందిన పిల్లవాడు ఏడాది తిరిగేసరికి ఇల్లు విడిచి పారిపోయాడు. సభ జరిపినవారు చెడ్డవారు కారు. ఆ కుర్రవాడికి ఏది రాదో, ఏది ఇంకా కావాలో పక్కన కూర్చుని చూసినవారు ఆనాడు లేకపోయారు, అంతే.

మన బడుల్లో ఒక పాత పద్ధతి

ఇది మన కథోలిక బడులకు కొత్త సంగతి కాదు. 1599లో యేసుసభవారు తమ బడుల కోసం ఒక విద్యాక్రమం ప్రకటించారు. బహుమతి పరీక్షలు ఎలా జరపాలో అందులో వివరంగా ఉంది. దిద్దేవారికి రాసినవారి పేరు తెలియకూడదు. కాగితం మీద పేరుకు బదులు ఒక గుర్తు ఉండాలి. పక్షపాతం చూపే సందు ఉండదు.

దానితోపాటు మరొక ఏర్పాటు కూడా ఉంది. చదువులో ఆసక్తిగల పిల్లలను కొందరిని ఎంపిక చేసి, ఒక గురువు పర్యవేక్షణలో ప్రత్యేకంగా సమావేశపరిచేవారు. వారు అక్కడ తరగతి పాఠానికి మించిన చర్చలు, వ్యాసాలు, ప్రసంగాలు చేసేవారు. అంటే ఒక చేత్తో మెప్పు, మరొక చేత్తో పని. మనం మొదటిదాన్ని పట్టుకుని రెండవదాన్ని జారవిడిచామేమో!

ఎక్కువ పని కాదు, లోతైన పని

బాగా చదివే పిల్లవాడు తరగతిలో లెక్క ముందే పూర్తిచేస్తే మనం ఏమి చేస్తాం? అవే లెక్కలు మరో పది ఇస్తాం. లేదా ఎనిమిదో తరగతిలోనే ఇంటర్ పుస్తకం చేతిలో పెడతాం. మొదటిది బిడ్డకు శిక్ష. రెండవది పరుగు. బిడ్డకు కావలసింది తెలిసిన పాఠంలోనే లోతుకు దిగే అవకాశం.

ఒక ఉదాహరణ చూడండి. దీనికి చింతగింజలు చాలు. నేల మీద ఒక గింజ పెట్టండి. దానికి రెండు పక్కలా, మూలనా కలిపి మూడు గింజలు చేర్చండి. నాలుగు గింజల చదరం వస్తుంది. దానికి అదే విధంగా ఐదు చేర్చండి. తొమ్మిది గింజల చదరం అవుతుంది. ఏడు చేర్చితే పదహారు. ఇప్పుడు బిడ్డను అడగండి: మొదటి వంద బేసి సంఖ్యల మొత్తం ఎంత? కూడకుండానే పదివేలు అని చెప్పగలగాలి. అది అంత ముఖ్యం కాదు. ఎందుకని మీరు అడిగినప్పుడు, గింజలు చూపిస్తూ తన మాటల్లో చెప్పగలగాలి. ఆ పిల్లవాడు ఒక మెట్టు ఎక్కినట్టే.

సాంఘికశాస్త్రంలో ముందున్న అమ్మాయిని మీ ఊరి చెరువు ఎప్పుడు తవ్వారో పెద్దలను అడిగి రాసుకు రమ్మనండి. తెలుగులో ముందున్న అబ్బాయికి గ్రంథాలయం నుంచి ఒక నవల తెచ్చి, చదివాక తనకు నచ్చనిది ఏమిటో చెప్పమనండి. వీటికి ఫీజు అక్కరలేదు, పెద్దవారి తీరిక కొంచెం కావాలి.

పొగిడేటప్పుడు జాగ్రత్త

1998లో అమెరికాలో క్లాడియా మ్యుల్లర్, కరోల్ డ్వెక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఐదవ తరగతి పిల్లల మీద చేసిన పరిశోధన ప్రచురించారు. కొందరిని 'నీవు తెలివైనవాడివి' అని పొగిడారు. కొందరిని 'బాగా కష్టపడ్డావు' అని మెచ్చుకున్నారు. తెలివిని పొగిడిన పిల్లలు ఆ పేరు పోకుండా తేలిక పని కోరుకున్నారు. కష్టమైన లెక్కలు తప్పినప్పుడు త్వరగా నీరుగారిపోయారు. కష్టాన్ని మెచ్చుకున్న పిల్లల్లో ఎక్కువమంది నేర్చుకునే పనికి ముందుకు వచ్చారు.

పదో తరగతి దాకా ఓటమి ఎరుగని బిడ్డ ఇంటర్‌లో మొదటిసారి తక్కువ మార్కులు చూస్తాడు. హాస్టల్ గదిలో ఒంటరిగా ఉంటాడు. 'మా పరువు నిలబెట్టావు' అని మనం అన్న మాట ఆ రాత్రి అతనికి బరువవుతుంది. మార్కులు తగ్గినా ఇంటికి ఫోను చేయగల ధైర్యం ఆ బిడ్డకు ముందే ఇవ్వండి. ఆ ధైర్యం శాలువా కంటె విలువైనది.

చదువు ఆగకుండా

ఇంకొక మాట తల్లిదండ్రులకు. అన్నకంటె చెల్లెలికి ఎక్కువ మార్కులు వస్తాయి. అప్పుచేసి అన్నను పట్నం పంపుతాం, చెల్లెలికి సంబంధాలు చూస్తాం. ఆమెకు కప్పిన శాలువా పెట్టెలో ఉండిపోతుంది. ఇది న్యాయమా?

డబ్బు లేదంటారు. నిజమే. అందుకే దారులు ముందే తెలుసుకోవాలి. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకు ఎనిమిదవ తరగతిలో జాతీయ ఉపకారవేతన పరీక్ష ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 3,50,000 రూపాయలు మించకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండవ తరగతి వరకు ఏడాదికి 12,000 రూపాయలు ఇస్తారు. పదవ తరగతి తరువాత నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో 2008లో ప్రారంభమైన ట్రిపుల్ ఐటీలు ఉన్నాయి. ఆరేళ్ళ ఇంజనీరింగు చదువు అక్కడే సాగుతుంది. ఫలితాలు వచ్చాక పరుగెత్తకుండా, ఏడవ తరగతి నుంచే ప్రధానోపాధ్యాయులను అడుగుతూ ఉండండి.

పిలవని పేర్లు

చివరిగా, ఆ ఆదివారం పేరు పిలవని పిల్లలు కూడా గుడిలోనే కూర్చుని ఉంటారు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గట్టెక్కారు. తరువాత అమెరికాలో ఆయన నడిపిన పరిశోధనల నుంచి వచ్చిన మందులు నేటికీ రోగులకు ప్రాణం పోస్తున్నాయి. ముందున్నవారిని మెచ్చుకోవడమంటే వెనుకనున్నవారిని చిన్నబుచ్చడం కాదు. ఇంట్లో ఇద్దరు పిల్లల మార్కులు పోల్చకండి.

ఈ వారం ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోండి:

1. మన బిడ్డ చివరిసారి ఏ పాఠం దగ్గర నిజంగా కష్టపడింది? అప్పుడు మనం పక్కన ఉన్నామా?

2. మార్కులు తగ్గితే ఆ సంగతి మనకు భయం లేకుండా చెప్పగలదా?

3. మన విచారణలో వచ్చే ఏడాది జ్ఞాపికతోపాటు ఒక మంచి పుస్తకం, నెలకొకసారి ఒక గంట తీరిక ఇవ్వగల పెద్దవారు ఎవరున్నారు?

మూడవ ప్రశ్నకు మీ పేరే జవాబైతే, వచ్చే ఆదివారం విచారణ గురువులతో ఆ మాట చెప్పండి.